మంచిగ దిగాలె

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డెక్కిన బస్సులో సగానికి పైగా ఆడవాళ్లే. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి జీరో టికెట్లు కొడుతున్నాడు. నా ముందు సీట్లో ఉన్న పెద్దామె కార్డు మీది ఫొటోను, ఆమె ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. "నేనే బిడ్డా, అప్పుడు జర బొద్దుగుంటి" అందామె. చుట్టుపక్కల సీట్లన్నీ నవ్వాయి. పహాడీ షరీఫ్, తుక్కుగూడ దాటాక రోడ్డుకు రెండు వైపులా వెంచర్ల బోర్డులు. హద్దురాళ్లు పాతిన ప్లాట్ల మధ్య ఇంకా అమ్ముడుపోని కూరగాయల మడులు అక్కడక్కడా.

నేను ఫొటోలకు వెళ్తున్న కందుకూరు మండలానికి కెమెరాలు కొత్త కావు. ముందు 19 వేల ఎకరాల పైచిలుకు ఫార్మాసిటీ అన్నారు. కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల్లో భూములు తీసుకున్నారు. తర్వాత అదే నేల మీద ఫ్యూచర్ సిటీ అన్నారు. 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో స్కిల్స్ యూనివర్సిటీకి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఆపైన రావిర్యాల నుంచి ఆమనగల్లు దాకా 41.5 కిలోమీటర్ల కొత్త రోడ్డు. ఈ వరసలో ప్రతిసారీ పేపర్లలో ఒక ఫొటో తప్పకుండా వచ్చేది: పాసుపుస్తకం గుండెలకు హత్తుకుని ఏడ్చే రైతు. అబద్ధం కాదది. కానీ ఊరు మారినా, మనిషి మారినా, ఫొటో మారకపోతే తీసేవాడు ఏం కావాలో ఇంట్లోనే అనుకుని వచ్చాడని నాకు అనుమానం.

కందుకూరులో దిగి, ఆటోలో లోపలి ఊళ్ల వైపు వెళ్లాను. 2025 మే నెల, ఎండ అప్పటికే మండుతోంది. ఊరి బయట ఉపాధి హామీ పని నడుస్తోంది. ఆడవాళ్లే ఎక్కువ, తలల మీద తువ్వాళ్లు, చేతుల్లో గడ్డపారలు, తట్టలు. కెమెరా బయటికి తీయగానే అందరూ పని ఆపి వరసగా నిలబడ్డారు. నేనేమీ అడగలేదు.

"మాకు అలవాటే సారూ. దినాం రెండుసార్లు దిగుతం" అంది ఒకామె. 2023 జనవరి నుంచి ఇక్కడ హాజరు పట్టీ అంటే ఫోన్లో ఫొటోయే. పొద్దున ఒకటి, కొన్ని గంటలయ్యాక ఇంకొకటి, సమయం, స్థలం అచ్చుపడేలా పని చూసే మేట్ తీసి ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్ పైకెత్తి గట్టెక్కాలి. ఎక్కకపోతే కూలి సంగతి అనుమానమే. ఆ ఏడాది రోజు కూలి కాగితం మీద 307 రూపాయలు; తవ్విన మట్టి కొలిచాక చేతికొచ్చేది చాలామందికి అంతకన్నా తక్కువ. ఇందిరమ్మ పథకంలో ఇల్లు మంజూరైతే బేస్‌మెంట్‌కో ఫొటో, గోడలకో ఫొటో, స్లాబుకో ఫొటో. ఉన్నవాడి ఫొటో పెళ్లిలో తీస్తారు. లేనివాడి ఫొటో, వాడున్నాడని రుజువు చేయడానికి తీస్తారు.

లేనివాణ్ణి ఇలా నిలబెట్టి తీయడం ఈనాటి సంగతి కాదు. 1876-78 కరువులో రాయలసీమ జిల్లాలతో సహా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగం ఆకలితో చస్తున్నప్పుడు, విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన జనాన్ని గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫొటోలు తీశాడు. తీసి, తిండి పెట్టకుండా పంపేశాడన్న విమర్శ ఆయన వెంట పడింది. వాళ్లలో ఒక్కరి పేరు కూడా మనకు అందలేదు. వరంగల్ బిడ్డ, ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ అయితే ఇదే తెలంగాణ పల్లెల్లో తిరిగి బతుకమ్మలను, పాత ఇళ్ల తలుపులను, ఆ గడపల్లోని ఆడవాళ్లను తీశాడు. 2022లో పోయాడు. ఆయన ఫొటోల్లోనూ గోడలు పెచ్చులూడే ఉంటాయి, కానీ ఆ మనుషులు ఎవరి కోసమో నిలబడినట్టు ఉండరు. నా ఓటు అటే.

మధ్యాహ్నం ఒక రేకుల ఇంటి ముందు నీళ్లడిగాను. ముసలమ్మ చెంబుతో తెచ్చింది. పొయ్యి దగ్గర ఆమెను తీయాలనిపించి అడిగాను. "ఈ చీరల వద్దు. దిగితే మంచిగ దిగాలె" అని లోపలికి పోయి, చాలాసేపటికి పసుపు చీరలో, తల దువ్వుకుని వచ్చింది. పొయ్యి దగ్గర కాదు, మొన్నే సున్నం వేసిన గోడ ముందు నిలబడింది. మసి, పొగ, చిరుగు అన్నీ ఫ్రేము బయటే ఉండిపోయాయి. పత్రికలో ఎవరూ వేసుకోని ఫొటో అది. కాపీ ఎప్పుడిస్తావని రెండుసార్లు అడిగింది.

ఆమె కొడుకు పొలంలో కొంత కొత్త రోడ్డు కింద పోతుందట. నా కెమెరా చూసి, పొలానికి తీసుకెళ్లాడు. ఏడ్చే ఓపిక అతనికి లేదు, పని ఉంది. భూసేకరణ చట్టంలో బోరుకు, చెట్లకు, కట్టడాలకు విడిగా విలువ కడతారు; లెక్క రాసేవాళ్లు వచ్చేలోగా తన దగ్గరో రుజువు ఉండాలి. "ముందు బోరు తీయి అన్నా, మోటరు కనవడాలె. గవి మామిడిచెట్లు, ఒక్కొక్కటి సెపరేటు. ఈ హద్దురాయి దగ్గరికెల్లి ఇంకోటి." జేబులోంచి ఆనాటి పేపరు తీసి, తేదీ కనబడేలా మోటారు మీద పరిచాడు. గాలికి లేచిపోతోంటే పైన రాయి పెట్టాడు.

"నిన్ను తీయనా?" అన్నాను.

"నేనెందుకన్నా, నాకెంతిస్తరు?" అని నవ్వి, తర్వాతి చెట్టు దగ్గరికి నడిచాడు.