సత్యం థియేటర్ వెనక సందు

16 అక్టోబర్ 2025, గురువారం

ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఫోన్‌లో చూశాను. రావు బాలసరస్వతీదేవి గారు నిన్న పోయారు. 97 ఏళ్లు. తెలుగు సినిమాకు తొలి నేపథ్య గాయని అట. 1943లో 'భాగ్యలక్ష్మి'లో నటి కమలా కోట్నీస్‌కు పాడారట. నేను ఆమె పేరు వినడం ఇదే మొదలు.

క్లాసయ్యాక అమీర్‌పేట మైత్రీవనం మెట్ల మీద కూర్చుని 'కోపమేల రాధా' పెట్టాను. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారితో కలిసి పాడిన పాత గ్రామఫోన్ పాట. ముందు సూది గీరుకుంటున్న చప్పుడు, దాని వెనక నుంచి ఆమె. కోర్సుల కాగితాలు పంచే కుర్రాళ్ల కేకలు, బస్సు హారన్లు. ఇంత రద్దీలోనూ ఆ గొంతు ఎక్కడా గట్టిపడదు, ఎవరినీ గెలవాలనుకోదు. పక్కన కూర్చుని నాకొక్కదానికే చెబుతున్నట్టుంది. రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలే. అయిపోగానే మళ్లీ పెట్టాను. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

17, రాత్రి

గదిలో ముగ్గురూ నిద్రపోయారు. ఇయర్‌ఫోన్స్‌లో 'ఇంత తెలిసియుండి'. 1953 నాటి 'దేవదాసు'లో చంద్రముఖి నాట్యం చేసే క్షేత్రయ్య పదం. ఈ సినిమా ఇంట్లో టీవీలో ఎన్నిసార్లు చూశానో! చంద్రముఖిని చూశాను, ఆమె నగలు చూశాను, పాడిందెవరని ఒక్కసారీ అడగలేదు. పదంలో నాయిక నిలదీస్తుంది. బాలసరస్వతి గొంతులో ఆ నిలదీతకు పదును లేదు, అలసట ఉంది. అన్నీ తెలిసిన మనిషిని ఇంకా ఏమని అడగాలన్న అలసట. అలాంటి మాట నేనూ ఒకరితో అనాల్సి ఉండి అనకుండా వచ్చేశాను. ఈ రాత్రి అదే గుర్తొస్తోంది.

1944లో ఆమెకు కోలంక జమీందారుతో పెళ్లయింది. 1950ల తర్వాత సినిమాల్లో ఆమె పాట దాదాపు లేదు. ఆ పదం పాడేనాటికి ఆమెకు దాదాపు పాతికేళ్లు. నా వయసే.

19, ఆదివారం

దీపావళికి హాస్టల్ ఖాళీ అయింది. సారథి స్టూడియో దాకా నడిచి వెళ్లాను. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీసింది సారథి పేరు మీదే. రెండేళ్లకు ఆయన తీసిన 'ఇల్లాలు'లో రాజేశ్వరరావు, బాలసరస్వతి కలిసి నటించారు. రాజేశ్వరరావుకు దాదాపు పద్దెనిమిదేళ్లు, ఆమెకు పన్నెండు. గేటు ముందు నిలబడి ఆ ఇద్దరు పిల్లల్నే తలుచుకున్నాను. ఇదే హైదరాబాద్‌లో మొన్నటిదాకా ఆమె ఉన్నారు. వెళ్లి చూడగలిగేదాన్ని కాకపోవచ్చు. ఉన్నారని తెలిసి ఉంటే చాలు.

20

ఒకటే టపాసుల మోత. పాట పెట్టలేదు.

23, గురువారం

అమ్మకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ల్యాప్‌టాప్‌లో 'కోపమేల రాధా' వినిపించాను. కాసేపు ఏ చప్పుడూ లేదు.

"దేవదాసులో ఆవిడ కదే?" అంది.

పేరు తెలియదు, గొంతు గుర్తుపట్టింది. చెప్పాను. పోయిన సంగతి కూడా చెప్పాను.

"అయ్యో" అని ఆగి, "ఉండవే, పొయ్యి కట్టేసి వస్తాను. మొదట్నుంచి పెట్టు" అంది.