గరుత్మంతుని అన్నకొడుకు

మా ఇంట్లో గోడకు ఒక క్యాలెండరు బొమ్మ ఉన్నది. రావణుని రథానికి అడ్డుపడుతున్న జటాయువు బొమ్మ అది. వంకీ ముక్కు, మెడనిండా బంగారువన్నె ఈకలు, ఠీవిగా విప్పిన రెక్కలు. చూచినవారెవరైనా గద్ద అనే అంటారు. నేనూ అదే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. కరీంనగరంలో పదిహేనేళ్ళుగా పాఠం చెబుతూ, గృధ్రరాజంటే గద్దల రాజని పిల్లలకు అర్థం వ్రాయించాను కూడా.

2016 జనవరిలో, సంక్రాంతి సెలవులకు ముందు, వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు.

“సార్, జటాయువు గద్ద గాదు గద, రాబందు గద! మా బెజ్జూరు దిక్కు గుట్టమీద ఉంటయి సార్. గద్ద వేరే, అది వేరే.”

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి కూర్చోమన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. పుస్తకాలు తిరగవేశాను. గృధ్రము నుంచే మన గ్రద్ద పుట్టిందని పండితుల మాట. కానీ సంస్కృతంలో గృధ్రమంటే రాబందే. గద్దజాతికి శ్యేనమని వేరే పేరున్నది. మాట తెలుగులోకి దిగివచ్చేటప్పుడు పక్షి మారిపోయింది. కుర్రవాడు చెప్పిందే నిజం.

సెలవులు రాగానే మా ఆవిడనూ, ఇంటరు చదువుతున్న అమ్మాయినీ వెంటబెట్టుకుని బయలుదేరాను.

మొదటి మజిలీ ధర్మపురి. నరసింహస్వామి దర్శనం చేసుకుని గోదావరి ఒడ్డుకు వచ్చేసరికి, నీటిమీద తెల్లని మెడ, ఇటుకరంగు రెక్కల పక్షి ఒకటి చుట్టు తిరుగుతున్నది. “గరుడపక్షి!” అంటూ రేవులోని ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. మా ఆవిడా వేసుకున్నది.

విష్ణ్వాలయాలలో గరుత్మంతుడు స్వామికెదురుగా చేతులు జోడించి ఉంటాడు. బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే, గుడ్డమీద ఆయన బొమ్మ వ్రాసి ధ్వజస్తంభానికి ఎక్కిస్తేగాని ఉత్సవం ఆరంభం కాదు. తల్లి వినత దాస్యాన్ని విడిపించడానికి స్వర్గం నుంచి అమృతం తెచ్చిన కొడుకాయన. ఆ కథను నన్నయగారు ఆదిపర్వంలో తెలుగు చేశారు.

ఆ పక్షి రాజుల జెండాల మీదికీ ఎక్కింది. గుప్తుల బంగారు నాణేలమీద గరుడధ్వజమున్నది. రాష్ట్రకూటుల రాజముద్ర గరుడుడే. వారి సామంతులైన చాళుక్యులే మన వేములవాడ నుంచి ఏలినవారు. అక్కడికి దగ్గరలో, గంగాధర దాపున బొమ్మలగుట్టమీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో తెలుగు కందాలు చెక్కించాడు. ఆ గుట్టమీదనే చక్రేశ్వరి విగ్రహమున్నది. జైనుల ఆ దేవతకు కూడా వాహనం గరుడుడే. ఈనాటికీ థాయిలాండు రాజచిహ్నం గరుడుడు. ముస్లిములు అధికసంఖ్యాకులైన ఇండొనేసియా సైతం 1950లో ఆయననే జాతీయచిహ్నంగా పెట్టుకున్నది.

రాయపట్నం వంతెన దాటుతుంటే అమ్మాయి అడిగింది: “గరుత్మంతుడికి ఇన్ని మర్యాదలు ఉన్నాయి కదా నాన్నా, జటాయువుకేవీ?”

“పరాయివాడేం కాదమ్మా. గరుత్మంతుడి అన్న అనూరుడు. ఆయన కొడుకే జటాయువు. అనంతపురం వైపు లేపక్షికి ఆయనవల్లనే ఆ పేరు వచ్చిందంటారు” అన్నాను. ఇంకేం చెప్పాలో నాకు తోచలేదు.

లక్షెట్టిపేట, మంచిర్యాల, ఆసిఫాబాదుల మీదుగా కాగజ్‌నగరం చేరి, రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి జీపులో బెజ్జూరు అడవికి పోయినాము. అప్పటికది ఇంకా ఆదిలాబాదు జిల్లాయే. ఆ అక్టోబరులోనే కుమురం భీం జిల్లా అయింది. దారంతా టేకుచెట్లు, ఎర్రమట్టి. నందిగాం దాపున పాలరాపు గుట్ట. దిగువన పెద్దవాగు ప్రాణహితలో కలియడానికి పోతున్నది.

అడవిశాఖ వాచరు దూరం నుంచే వేలెత్తి చూపించాడు. “ఆ తెల్లచారలు జూడుండ్రి సార్. సున్నం గాదు, రెట్టలు. గూళ్ళు ఆడనే ఉన్నయి.”

చాలాసేపు కూర్చున్నాము. ఎండ ముదిరి గాలి వేడెక్కాక, కొండ అంచు నుంచి ఒకటి, దాని వెనుక మరొకటి రెక్కలు విప్పాయి. రెక్క ఆడించకుండానే మా నెత్తిమీదికి వచ్చాయి. బోడితల, ఈకలు లేని సన్నని మెడ. క్యాలెండరులోని ఠీవి ఏ కోశానా లేదు. కాని ఆ మెడ బోడిగా ఉంటేనే కళేబరంలో తల పెట్టినా నెత్తురు అంటుకోదు. ఊరిబయట పడవేసిన గొడ్డును గంటలలో ఎముకలగూడు చేసి, రోగం మనదాకా రాకుండా చూచేది ఆ పక్షే.

“ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడ్తది సార్. అదీ బతికితేనే” అన్నాడు వాచరు.

మా చిన్నతనంలో వీటికి కొదువలేదు. 1990ల నుంచి దేశమంతటా కుప్పకూలాయి. ఈ పొడుగుముక్కు రాబందులు పదిహేనేళ్ళలో నూటికి తొంభైకి పైగా పోయాయి. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ అనే మందు కారణమని 2004లో తేలింది. ఆ మందు పడిన గొడ్డు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి ప్రాణం పోయేది. పశువైద్యంలో ఆ మందును మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. పాలరాపులో గూళ్ళున్నాయని అడవిశాఖవారు గుర్తించింది 2013లో.

అప్పు పేరిట పీక్కుతినేవాణ్ణి రాబందు అంటాము. ఆ మాట నేనూ ఎన్నోసార్లు వాడాను. బ్రతికున్నదాని జోలికి సాధారణంగా పోని పక్షి అది. దానికి ఆ నింద ఎట్లా అంటగట్టామో! జటాయువును మెచ్చుకోవాలనుకున్న చిత్రకారుడు కూడా రాబందు ముఖం వ్రాయలేక గద్ద ముఖం అరువు తెచ్చాడు.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ గోదావరి. పంచవటిలో రాముడు గృధ్రరాజుకు తండ్రికి చేసినట్లే సంస్కారం చేసి, తర్పణం విడిచింది ఈ నీళ్ళలోనే. అమ్మాయికి ఆ మాట అప్పుడు చెప్పాను. అది కిటికీలోంచి వంతెన దాటేదాకా నీళ్ళు చూస్తూ కూర్చున్నది.

సెలవుల తర్వాత మొదటి క్లాసులో నా తప్పు నేనే ఒప్పుకుని, పాత అర్థం కొట్టివేయించాను. తర్వాత ఆ బెజ్జూరు కుర్రవాణ్ణి ముందుకు పిలిచి, తమ గుట్టమీది పక్షుల సంగతి చెప్పమన్నాను. ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు.