లైప్‌జిగ్‌లో క్లారా ఇల్లు

పెళ్ళికి ముందు మీరు సంగీతం నేర్చుకున్నారా? వీణో, వయొలినో, హార్మోనియమో? మరి ఇప్పుడది ఎక్కడుంది? గవిసెన తొడుక్కుని అటక మీద... అంతేనా? నవ్వకండి, నా సంగతీ అంతే! అందుకేనేమో, జర్మనీలో చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూసిన కోటలకన్నా ఓ మేడ ఇల్లే నా మనసులో ఉండిపోయింది. రండి, మిమ్మల్నీ అక్కడికి తీసుకెళ్తాను.

ఊరి పేరు లైప్‌జిగ్. బెర్లిన్‌లో రైలెక్కితే గంటంబావు ప్రయాణం. 'బాఖ్' అనే మహానుభావుడు 27 ఏళ్ళు సేవ చేసి కన్నుమూసిన ఊరిది. మనం వెళ్ళాల్సింది ఇన్సెల్ వీధిలో 18వ నంబరు ఇంటికి. గేటు దగ్గర చిన్నపిల్లల కేకలు వినిపిస్తే కంగారుపడకండి, అదే భవనంలో ఓ ప్రైమరీ స్కూలుంది. మొదటి అంతస్తులో మ్యూజియం. 1840 నుంచి 1844 దాకా రాబర్ట్ షూమన్, క్లారా కొత్త కాపురం చేసిన ఇల్లిది.

ఆ పెళ్ళి కథ మన సినిమాలకేం తీసిపోదు. క్లారా తండ్రి పేరున్న పియానో మాస్టారు. రాబర్ట్ ఆయన శిష్యుడే. అయినా పిల్లనివ్వనన్నాడు. ఇద్దరూ కోర్టుకెక్కి, గెలిచి, 1840 సెప్టెంబరు 12న పెళ్ళి చేసుకున్నారు. మర్నాడే క్లారాకి 21 ఏళ్ళు నిండాయి!

వాళ్ళది 'రొమాంటిక్' సంగీతం అంటారు. ప్రేమ పాటలని కాదండోయ్! నియమాలకన్నా మనసులోని భావానికి పెద్దపీట వేసిన 19వ శతాబ్దపు సంగీతమని అర్థం. కవిత్వంలో అదే గాలి ఇంగ్లండు నుంచి వీచి మన భావకవులనీ తాకింది కదా!

పెళ్ళయిన ఆ ఏడాది రాబర్ట్ వందకు పైగా పాటలు రాశాడు. ఆ పాటని 'లీడ్' అంటారు. ఒక కవిత, ఒక గొంతు, ఒక పియానో, అంతే. మన రేడియోలో వచ్చే లలితగీతంలా అనుకోండి. కాకపోతే ఇందులో పియానో వెనక నిలబడి వంతపాడదు. మాటలు చెప్పలేనిది అది చెబుతుంది. అలాంటి పాటల్ని ఒక కథగా దండ గుచ్చితే 'సాంగ్ సైకిల్'. రాబర్ట్ గుచ్చిన ఒక దండలో ఎనిమిది పాటలున్నాయి, ఒక స్త్రీ ప్రేమ మొదలుకొని వైధవ్యం దాకా. చివర్లో భర్త పోగానే ఆమె గొంతు ఆగిపోతుంది. పియానో ఒక్కటే మొదటి పాట బాణీని మళ్ళీ వాయిస్తుంది. వింటే కళ్ళు చెమర్చకుండా ఉండవు.

చిన్న చిన్న పియానో ముక్కలు కూడా ఆ కాలం ప్రత్యేకతే. 'నాక్టర్న్' అంటే రాత్రి వేళ పాట. షోపెన్ చేతిలో అది వెన్నెలలా పరుచుకుంటుంది. ఇంకో మాట 'రుబాటో'. అంటే దొంగిలించినది! తాళంలోంచి రవ్వంత కాలం దొంగిలించి, నచ్చిన స్వరం దగ్గర కాస్త ఆగడమన్నమాట. 'కాన్చెర్టో' అంటే ఒక వాయిద్యం నిండు ఆర్కెస్ట్రాతో సరిసమానంగా పలకడం. క్లారా తను రాసిన కాన్చెర్టోని 1835లో ఈ ఊళ్ళోనే, మెండెల్సన్ ఆర్కెస్ట్రా నడిపిస్తుండగా వాయించింది. అప్పటికామెకి 16 ఏళ్ళు!

మరి పెళ్ళయ్యాక? గోడలు పల్చన. రాబర్ట్ పాట కడుతుంటే క్లారా పియానో ముట్టుకోకూడదు. దంపతులిద్దరూ కలిసి ఒక డైరీ రాసేవారు. రోజంతా వెతికినా తనకంటూ ఒక్క గంట దొరకడం లేదని, నేర్చుకున్నది ఎక్కడ పోతుందోనని అందులో ఆమె వాపోయింది. పిల్లలు, ఊహల్లో ఉండే మొగుడు, వీటి మధ్య క్లారా ఆలోచనలెన్ని వృథా అయిపోతున్నాయోనని రాబర్ట్ కూడా అదే డైరీలో బాధపడ్డాడు. బాధపడ్డాడు, కానీ పియానో మాత్రం ఆయన వంతే!

అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే మెండెల్సన్ ఇల్లూ ఉంది. ఆయన అక్క ఫానీ తమ్ముడికేం తీసిపోని విద్వాంసురాలు. సంగీతం నీకు అలంకారంగా మాత్రమే ఉండాలన్నాడు తండ్రి. ఆమె పాటలు కొన్ని తమ్ముడి పేరుతో అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ముచ్చటపడి పాడిన పాట ఫానీదేనని మెండెల్సన్ ఒప్పుకోవాల్సొచ్చింది. తన పేరుతో పుస్తకాలు వేయించడం 1846లో మొదలుపెట్టింది ఫానీ. మరుసటేడే పోయింది, 41 ఏళ్ళకి. ఇప్పుడా ఇంట్లో ఆమెకీ గదులు కేటాయించారు.

మనసు బరువెక్కిందా? పదండి, బేకరీలో 'లెర్కె' తిందాం. లెర్కె అంటే భరతపక్షి. ఒకప్పుడు ఆ పిట్ట మాంసంతోనే వంటకం చేసేవారట. 1876లో వేట నిషేధించాక బాదం పప్పు కూరిన ఈ తీపి కజ్జం వచ్చింది. మనం నిశ్చింతగా తినొచ్చు.

రాబర్ట్ 1856లో మానసిక చికిత్సాలయంలో కన్నుమూశాడు. క్లారాకి 36 ఏళ్ళు, ఏడుగురు పిల్లలు. ఊరూరా కచేరీలు చేసి అందర్నీ పోషించింది. 1891 దాకా వేదిక మీద వాయించింది. యూరో నోట్లు వచ్చేదాకా జర్మనీ వంద మార్కుల నోటు మీద ఆమె బొమ్మే! కానీ సొంతంగా రాయడం మాత్రం భర్త పోయాక దాదాపు మానేసింది. ఆ రాయని పాటల లెక్క ఎవరు చెప్పగలరు?

ఇంటికొచ్చాక అటకెక్కి నా వీణ దించాను. తంత్రులు తుప్పు పట్టాయి, మార్పించాను. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటి నుంచి మూడుంబావు దాకా ఎవరు పిలిచినా పలకను. మావారు అదేమిటని అడిగితే 'రుబాటో' అన్నాను. మీరూ ఓ పావుగంట దొంగిలించి చూడండి!