హార్లిక్స్ సీసాలో జీలకర్ర

మన వంటిళ్లలో హార్లిక్స్ సీసాలో జీలకర్ర ఉంటుంది. బోర్న్‌విటా డబ్బాలో ఎండుమిరపకాయలుంటాయి. ఇంట్లోవాళ్లకి ఇబ్బందేం లేదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కాఫీ పెట్టుకోవాలంటేనే తిప్పలు!

సాఫ్ట్‌వేర్ లైబ్రరీలూ అంతే. లైబ్రరీ అంటే పుస్తకాలుండేది కాదు. ఒకరు రాసిన ప్రోగ్రాం ముక్కల్ని పదిమందీ వాడుకునేలా పేర్లు పెట్టి సర్దిన అల్మరా. అలాంటిదొకటి నేనూ నడుపుతున్నా. తెలుగు మాటల్ని అక్షరాలుగా విడగొట్టడం దాని పని. అదేం పెద్ద పనా అంటారా? ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. పొడవెంత అని పైథాన్‌ని అడిగితే ఆరంటుంది. ఆ లెక్కన గళ్లనుడికట్టు నింపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఒకప్పుడు ఈ అల్మరా తెరిచేది మనుషులే. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రోగ్రాం రాయమని ఏఐనే అడిగేవాళ్లు పెరిగారు. దానికో గుణం ఉంది. తెలియని చోట చాలాసార్లు, ఉండి ఉంటుందనిపించిన పేరు రాసేస్తుంది. తెలిసిన చోట పాతది రాస్తుంది. పాండాస్ అనే ప్రసిద్ధ లైబ్రరీ 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0 వెర్షన్‌లో డేటాఫ్రేమ్‌కున్న ‘అపెండ్’ని తీసేసింది. బదులుగా ‘కాన్‌క్యాట్’ వాడమంది. కానీ అంతకుముందు ఏళ్లతరబడి జనం రాసిన ఉదాహరణల్లో ఉన్నది అపెండే. ఏఐ చదువుకున్నదీ వాటినే. అందుకే ఆ తర్వాతా అదే రాసిచ్చిన సందర్భాలు కోకొల్లలు.

అంత పెద్దదాని సంగతే అలా ఉంటే మా బుల్లి లైబ్రరీని ఎవరడుగుతారు? నా బెంగ పేరు కోసం కాదు. మాది కనబడకపోతే ఏఐ ఇంగ్లిషుకి పనికొచ్చే పద్ధతే తెలుగుకీ రాసిచ్చేస్తుంది. పిల్లల ఆటలో ‘స్త్రీ’ ఆరు ముక్కలవుతుంది. రాయించుకున్న కుర్రాడికి తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలీదు.

అందుకే సర్దడం మొదలుపెట్టా. ముద్దుపేర్లు తీసేసి, చేసే పనినే పేరుగా పెట్టా. ప్రతి ఫంక్షన్ పక్కనా ఉన్నదున్నట్టు నడిచే చిన్న ఉదాహరణ రాశా. పాత పేరుతో పిలిస్తే ‘లేదు’ అని ఊరుకోకుండా ‘బదులుగా ఇది వాడండి’ అనేలా చేశా. ఆ సందేశం చదివి ఏఐ తనే దిద్దుకుంటుంది మరి! 2024 సెప్టెంబరులో జెరెమీ హోవర్డ్ ప్రతిపాదించిన ‘ఎల్ఎల్ఎమ్స్.టీఎక్స్‌టీ’ అనే చిన్న ఫైలూ పెట్టా. ఏముందో, ఎక్కడుందో అందులో క్లుప్తంగా ఉంటుంది. పెట్టినంతమాత్రాన అన్ని ఏఐలూ చదువుతాయన్న హామీ లేదు. పెడితే పోయేదీ లేదు.

ఆపైన పరీక్ష. ఏఐకి లైబ్రరీ పేరు మాత్రం చెప్పి పని చేయమంటా. ఎక్కడ తడబడితే అక్కడ సర్దుతా. మూడుసార్లూ ఒకటే పేరు ఊహిస్తే వాదించను, ఆ పేరు కూడా చేర్చేస్తా.

‘యంత్రానికి ఇంత ఊడిగమా?’ అన్నాడో మిత్రుడు. ఈమధ్య ప్రోగ్రామింగ్‌కి కొత్తయిన ఓ తెలుగు మాస్టారు, ఏ ఏఐనీ అడక్కుండా, ఆ ఉదాహరణలు చూసే తన క్లాసుకి గళ్లనుడికట్టు చేసుకున్నారు. ఒక్క సందేహం మాత్రం అడిగారు: ‘‘బాబూ, ‘క్ష’ని ఒకటిగానే లెక్కపెడుతుందా?’’ పెడుతుందండీ అన్నా. ఆ ఉదాహరణా ఇప్పుడు పేజీలో ఉంది.