స్లాబుకి ఏ డ్రిల్లు?

డ్రిల్లు కొనేటప్పుడు అందరూ వోల్టులే అడుగుతారు. స్లాబుకైతే అడగాల్సింది జౌల్స్ (సిరిసిల్ల పక్కన ఈ మాటంటే జౌళి అనుకుంటారు :)).

మామూలు ఇంపాక్ట్ డ్రిల్లులో రెండు పళ్ళ బిళ్ళలు రాసుకుని అదురుతాయంతే, నొక్కే బలం మనదే. ఇటుక గోడకి చాలు. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కితే ఆ గాలే లోపలి సుత్తిని విసురుతుంది, మనం గట్టిగా పట్టుకుంటే చాలు. తంగళ్ళపల్లిలో ఏళ్ళ తరబడి సాంచాలు నడిపిన మా బాపుకి కుడి భుజం సరిగ్గా లేవదు. అయినా నిచ్చెన తనే ఎక్కుతానంటాడు. ఈ తేడా నేనింతగా పట్టించుకున్నది అందుకే.

18 వోల్టులు, 2 జౌల్స్ ఉన్నది తీసుకున్నా. పైపు క్లాంపులకి వేసే 6, 8 మిల్లీమీటర్ల బెజ్జాలకి హాయిగా సరిపోతుంది. ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లే పడతాయి, ఇంట్లో ఉన్న గుండ్రటి బిట్లు పనికిరావు. చౌకగా కనబడే 'బేర్ టూల్'తో బ్యాటరీ, ఛార్జరు రావు, చూసుకోండి. లోపల ఇనుప చువ్వ తగిలితే ఆపి పక్కకి జరగాలి. దుమ్ము సూటిగా కళ్ళల్లోకే రాలుతుంది, అద్దాలు తప్పనిసరి.

ఇక కరెంటు పోయినా బాపుని ఆపలేం, అదొక్కటే బాధ.