మూత బిగువు చూసి కొనాలి

అమెరికాలోని టాంపాలో ఏడాదిలో ఎక్కువ నెలలు బయటి గాలి తడిబట్టలా మీద పడుతుంది. తలుపు తీసి లోపలికొస్తే ఏసీ ఆ తేమనంతా లాగేసి ఉంటుంది. మా హాల్లో తేమ యాభై శాతం దాటడం అరుదు. సిగార్‌కు కావలసింది 65 నుంచి 70. ఇంత ఉక్క ఊళ్లో ఉంటూ కూడా సిగార్లు దాచుకోవడానికి హ్యూమిడార్ అనే తేమ పెట్టె కావలసి వచ్చేది అందుకే.

ఈ ఊరు పెరిగిందే సిగార్ మీద. విసెంటె మార్టినెజ్ ఈబర్ 1885లో ఇక్కడ నేల కొని ఫ్యాక్టరీ పెట్టాడు, క్యూబా నుంచి పనివాళ్లు వచ్చారు, ఈబర్ సిటీ అనే పేట వెలిసింది. అక్కడ 1910లో కట్టిన ఎర్ర ఇటుకల గడియారపు భవనంలో జే.సీ. న్యూమన్ కంపెనీ వాళ్లు ఇప్పటికీ సిగార్లు చేస్తున్నారు. నేను ప్రకాశం జిల్లా పొగాకు రైతు కొడుకుని. మాది బ్యారన్‌లో క్యూరింగ్ చేసిన వర్జీనియా, ఇక్కడిది గాలికి ఆరబెట్టి పులియబెట్టిన ఆకు. రకం ఏదైనా పదునే, అంటే ఆకులో తగినంత తడే, ప్రాణం. మండె (ఆకు పేర్చిన కుప్ప) విప్పే ముందు నాన్న ఆకును గుప్పిట్లో నొక్కి చూసేవారు. పదును తక్కువైతే ఆకు పొడిపొడి అవుతుంది, ఎక్కువైతే బేలులో బూజు పడుతుంది. వేలంలో ధర దగ్గర ఆ తేడా తెలిసిపోయేది. సిగార్‌ను నేను ఇవాళ్టికీ ఆ కంటితోనే చూస్తాను. కాల్చడం ఎప్పుడో ఒకసారి, అలవాటు చేసుకోమని ఎవరికీ చెప్పను కూడా. కానీ ఒక రైతు పండించి, ఒక మనిషి చేత్తో చుట్టిన ఆకు ఎవరి బీరువాలోనో ఎండి పగిలిపోతే చూడలేను.

అందుకే "అన్నా, ఏది కొనమంటావ్?" అని మిత్రులెవరైనా అడిగితే ముందు మూత చూడమంటాను. దుకాణంలో కళ్లు పోయేది మెరిసే లక్క పూత మీదికి, తేమ కొలిచే ఇత్తడి గడియారం లాంటి హైగ్రోమీటర్ మీదికి, అద్దం మూత మీదికి. ఇవేవీ తేమను కాపాడవు. మూతను కాస్త ఎత్తి వదిలేస్తే చివర్లో లోపలి గాలి అడ్డుకున్నట్టు నెమ్మదించి మూసుకోవాలి. టప్పున పడిపోయిందంటే ఎక్కడో సందు ఉంది. కాగితం ముక్క అంచున పెట్టి మూత వేసి లాగండి. నాలుగు వైపులా, మూలల్లో కూడా, పట్టి రావాలి. ఇంటికి తెచ్చాక లోపల సెల్‌ఫోన్ లైటు వెలిగించి, మూత వేసి, గదిలో దీపాలార్పి చూడండి. వెలుగు గీత ఎక్కడ కనబడితే తేమ అక్కడి నుంచే పోతుంది. అద్దం మూతల్లో అద్దం, కర్ర కలిసే చోటే ఎక్కువగా కారుతుంది కనుక వాటి జోలికి నేను పోను.

తర్వాత కర్ర. మంచి పెట్టెల లోపలి పొర స్పానిష్ సెడార్. పేరులో సెడార్ ఉన్నా అది దేవదారు జాతి కాదు. మహాగని కుటుంబం, మన వేప కూడా ఆ కుటుంబానిదే. తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తగ్గితే విడుస్తుంది. దాని సన్నని పరిమళం ఆకుకు నప్పుతుంది. బట్టల బీరువాల్లో వాడే ఎర్ర సెడార్ అలా కాదు, ఘాటు వాసన ఆకులోకి ఎక్కిస్తుంది. లోపల వార్నిష్ ఉండకూడదు. మూత తీయగానే జిగురు వాసన కొడితే ఆ పెట్టె అక్కడే వదిలేయండి. చవక పెట్టెల్లో సెడార్ కాగితమంత పలచగా అతికించి ఉంటుంది, అది తేమను ఎంతసేపని పట్టి ఉంచుతుంది?

పెట్టెతో వచ్చే ముల్లు హైగ్రోమీటర్‌ను పరీక్షించకుండా నమ్మొద్దు. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత వరకే నీళ్లు చుక్కలుగా వేసి, హైగ్రోమీటర్‌తో పాటు గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచండి. ఉప్పు ముద్ద మీది గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. పొద్దున్నే 71 చూపిస్తే ఇక మీదట నాలుగు కలిపి చదవాలి. ఖరీదైన పరికరాలకు కూడా ఈ పరీక్ష పెట్టాల్సిందే.

కొన్న రోజే సిగార్లు సర్దేయాలన్న ఆత్రం వద్దు. కొత్త కర్ర ఎండిపోయి ఉంటుంది, ముందు సిగార్లలోని తేమనే తాగేస్తుంది. తేమను 84 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు లోపల పెట్టి రెండు వారాలు మూసి ఉంచండి. తడిగుడ్డతో తుడిచే పాత పద్ధతి నాకు నచ్చదు, కర్ర ఉబ్బి మూత వంకరపోతుంది. ఆ తర్వాత 65 లేదా 69 ప్యాకెట్లు చాలు. ప్యాకెట్లకు బదులు తేమనిచ్చేది స్పాంజి రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లలోని ఖనిజాలు పేరుకుని దాన్ని పాడు చేస్తాయి.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో పసుపు కొమ్ములకు చిల్లులు పెట్టే పురుగుల్లో ఒకటి సిగార్‌నూ తొలుస్తుంది. ఆకులో ఉన్న గుడ్లు వేడికి పిల్లలవుతాయి. 20 డిగ్రీల అటూ ఇటూ ఉండే చోట, కిటికీ ఎండకు, వంటగదికి దూరంగా పెట్టె ఉంచాలి.

ధర చూసి మాత్రం మోసపోకండి. అమెరికా అధ్యక్షుడు కెనడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ బహూకరించిన హ్యూమిడార్ 1996 వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. ఆ డబ్బంతా కెనడీ పేరుకు. మన బేరంలో పేరుకు ఇంత, పూతకు ఇంత అని పోగా మూతకూ కర్రకూ ఎంత మిగిలిందో చూసుకోవాలి. యాభై సిగార్లు పడతాయని రాసి ఉంటే ముప్పై, ముప్పై అయిదు సర్దుకోండి, గాలి ఆడాలి. ఇంట్లో ఎప్పుడూ పది సిగార్లకు మించి ఉండవంటారా? అయితే చెక్క పెట్టె కొననే వద్దు. రబ్బరు అంచు ఉన్న మామూలు ప్లాస్టిక్ డబ్బా, ఒక తేమ ప్యాకెట్, ఒక సెడార్ పలక సరిపోతాయి. చవక చెక్క పెట్టె కంటే పదును అందులోనే బాగా నిలుస్తుంది.