మోడులు చిగిర్చిన అడవి

గొడ్డలి దెబ్బకు కూలిన చెట్టును చూచి, దాని బ్రతుకు ముగిసినదని మనము తలంతుము. అన్ని చెట్ల విషయమున ఇది నిజము కాదు. కాండము పోయినను కొన్నిటి వేరు నేలలోపల జీవించియే యుండును. పశువులు మేయక, గొడ్డలి మరల తగులకున్నచో, ఒక్క వానకారులోనే మోడు చుట్టును లేత పిలకలు తలయెత్తును. కావున పాడుపడిన అడవికి కావలసినది పెక్కుసారులు క్రొత్త విత్తనము కాదు. కొంతకాలము ఓర్పుతో దానిని కాచు మనుష్యులు. అట్టివా రెచ్చటినుండి వత్తురు? ఈ ప్రశ్నకు పశ్చిమ బెంగాలులోని ఆరాబారి అడవి చక్కని సమాధానము చెప్పినది.

ఆరాబారి మేదినీపురము ప్రాంతమున నున్నది. అచటి ఎర్రనేలలో సాలవృక్షము విస్తారముగా పెరుగును. మనవారు దానిని గుగ్గిలపు చెట్టనియు పిలుతురు. దాని కలప గట్టిది. ఆకులు విస్తళ్లకు పనికివచ్చును. నరికిన మొదటినుండి మరల చిగిర్చుట దాని ప్రత్యేక గుణము. కాని 1970 నాటికి ఆ అడవి పేరునకు మాత్రమే అడవి. మోకాలెత్తు పొదలు, నడుమ నడుమ బోడినేల, అంతే. చుట్టుపట్ల గ్రామములవారు నిరుపేదలు. ఏటికి ఒక్క పంట. తక్కిన నెలలలో పని లేదు. కట్టెలమోపు తలకెత్తుకొని సంతకు పోయి అమ్మినగాని ఇంట పొయ్యి వెలుగదు. మోడునుండి వచ్చిన పిలకను చేయి లావు కాకమునుపే వారు నరికెడివారు. అది నేరమని వారెరుగుదురు. ఆకలి అంతకంటె పెద్దదనియు నెరుగుదురు.

1972లో అజిత్ కుమార్ బెనర్జీ అను అటవీశాఖాధికారి అచట సాలవృక్షములపై పరిశోధనలు చేయుచుండెను. ఆయన పెంచిన మొక్కలను పశువులు మేసిపోయెను. మిగిలినవి గొడ్డలి పాలయ్యెను. కాపలావానిని పెంచుటయో, జరిమానా హెచ్చించుటయో అట్టి సమయమున సాధారణముగా తోచు ఉపాయము. బెనర్జీ ఆ మార్గమును విడిచి, నరకుచున్నవారినే కాపలా కాయుమని కోరెను. దండనము ఆకలిని తీర్పజాలదని ఆయన గ్రహించెను.

11 గ్రామములు, 618 కుటుంబములు, 1,272 హెక్టారుల అడవి: ఇంతవరకు ఒప్పందము కుదిరినది. పిలకలను నరుకరాదు, లేతచిగురు ఉన్నచోట పశువులను విడువరాదు, పరులు వచ్చినచో అడ్డగింపవలెను. ఇది గ్రామస్థుల బాధ్యత. అందులకు బదులు, అడవిలో మొక్కలు నాటుట మొదలగు కూలిపనులు వారికే యిత్తురు. ఎండుపుల్లలు, ఆకులు, పుట్టగొడుగులు వారు ఏరుకొనవచ్చును. చెట్లు పెరిగి అమ్ముడుపోయిన నాడు వచ్చు సొమ్ములో 25 శాతము వారికే చెందును.

ఈ ఒప్పందములో అసలైన కష్టము ఓర్పునకు సంబంధించినది. కట్టెలమోపునకు సంతలో డబ్బు నేడే చేతికి వచ్చును. చెట్టు వాటాకు ఏండ్లు నిరీక్షింపవలెను. ఆ వాటాకు ప్రభుత్వపు ఆమోదము 1987లో గాని లభింపలేదు. అనగా, పదునైదు సంవత్సరములు ఆ ప్రజలు ఒక మాటను నమ్మి అడవిని కాచిరి. నడుమ కూలిపని దొరకకున్నచో ఆ నమ్మకము నిలిచెడిది కాదు. ఆకలిగొన్నవానికి రేపటి వాటాతో పాటు నేటి గంజియు చూపవలెనని గ్రహించుటయే ఈ ప్రయత్నమునకు బలము.

భూమి తన మాట నిలుపుకొన్నది. పిలకలు వాసములై, వాసములు మ్రాకులైనవి. మొదట వెలయే లేదనిపించుకొన్న ఆ అడవి విలువ 1983లో 12.5 కోట్ల రూపాయలని లెక్కకట్టిరి. చెట్లనన్నిటిని ఒక్కసారిగా కొట్టివేయక, భాగములుగా విభజించి వంతులవారీగా నరికినచో, కొట్టిన భాగము మరల చిగిర్చి పెరుగుచుండును. అసలును ముట్టక వడ్డీతో బ్రతుకు గృహస్థుని పద్ధతి యిది.

ఆరాబారి అనుభవము దేశమునకు మార్గదర్శక మయ్యెను. 1988 నాటి జాతీయ అటవీ విధానము ప్రజల భాగస్వామ్యమును కోరినది. 1990లో కేంద్ర ప్రభుత్వము ఈ పద్ధతి నవలంబింపుడని రాష్ట్రములకు వ్రాసినది. ఆంధ్రప్రదేశమున 1992లో వనసంరక్షణ సమితులు ఏర్పడినవి.

అంతట అన్నియు సవ్యముగా నడచెనని తలంపరాదు. కొన్ని తావుల కాపలా శ్రమ గ్రామమునకు, అధికారము కార్యాలయమునకు దక్కినవి. ఊరి అడవిని మూసినపుడు పొయ్యికట్టెలకై దూరము నడువవలసినవారు స్త్రీలు. నిర్ణయము చేసిన సభలో తరచుగా వారికి చోటు లేదు. శ్రమ యొకరిది, ఫలము వేరొకరిదైనచో ఏ కట్టుబాటును నిలువదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము సాముదాయిక వనములను కాపాడి నిర్వహించు హక్కును గుర్తించుట ఈ లోపమును సవరించు యత్నములలో నొకటి.

అడవి సర్కారుదని గ్రామస్థుడును, గ్రామస్థుడు దొంగయని సర్కారును తలంచినంతకాలము ఆరాబారిలో మోడులు మోడులుగానే యుండెను. ఇరువురును ఒకరినొకరు నమ్మిన నాడు అవి చిగిర్చినవి. ఊరి చెరువునకును, పచ్చికబయలునకును, బడితోటకును ఇదియే వర్తించును. పదిమందిదైన వస్తువు ఎవరిదియు కాదనుకొన్నచో పాడగును. ప్రతివానిదియు ననుకొని, పనిని, ఫలమును న్యాయముగా పంచుకొన్నచో వర్ధిల్లును.